దీపం తిన్న పాతర

మా మేనత్త పెంటవ్వ ఎవరింటికి వెళ్ళినా గడప దగ్గర ఆగేది. ముక్కెగబీల్చి గాలి వాసన చూసి, కాసేపు తల వంచి విని, ఆ తర్వాతే కాలు లోపల పెట్టేది. పెళ్ళివారింట్లోనైనా అంతే. పెళ్ళికూతురి తల్లి ముఖం మాడ్చుకున్నా లెక్కచేసేది కాదు. మా ఇంటి తలుపులు చలికాలంలో కూడా బార్లా తెరిపించేది. మేము దుప్పట్లలో ముడుచుకుని గొణిగితే, చలికి చచ్చినోళ్ళను తానెక్కడా చూడలేదని కసిరేది. ఆమె ఎట్లా చచ్చినవాళ్ళను చూసిందో మాకు తెలుసు. అందుకే ఎదురు చెప్పేవాళ్ళం కాదు.

ఆమె దేవత అని చెప్పడానికి ఇది రాయడం లేదు. నోరు మంచిది కాదు. కూర బాగుందంటే మెప్పు కోసం అంటున్నామనేది, బాగాలేదంటే కంచం లాక్కునేది. మా అమ్మతో ఏళ్ళ తరబడి మాట్లాడని కాలం కూడా ఉంది, కారణం ఇద్దరికీ గుర్తులేదు. కాని సిద్దిపేటలో పాతర దిగి ప్రాణాలతో పైకి వచ్చిన మగవాళ్ళలో చాలామంది ఆమె పెట్టిన పద్ధతి వల్ల వచ్చారు. వాళ్ళలో మొదటివాడు మా నాన్న, మా బాపు. అందుకని ఆమె గురించి చెప్పవలసిన పని నామీద పడింది.

పాతర అంటే ధాన్యం దాచడానికి నేలలో తవ్విన గొయ్యి. మూతి ఒక్క మనిషి పట్టేంత, లోపల ఒక గదంత వెడల్పు. గోడలకు ఎర్రమట్టీ పేడా మెత్తి, వరిగడ్డి పరిచి, జొన్నలు పోసి, మూతిమీద బండ వేసి మట్టి కప్పేస్తే ఏళ్ళు గడిచినా గింజ చెడదు. భూపతి పటేలు ఇంటి వెనక దొడ్డినిండా ఇటువంటి పాతరలే. పైకి చూస్తే ఊడ్చి అలికిన చదును నేల. నడిస్తే తెలిసేది. ఒకచోట అడుగు గట్టిగా పడుతుంది, ఇంకొకచోట కిందనుంచి ఎవరో అడుగుకు అడుగు బదులిస్తున్నట్టు బోలుగా మోగుతుంది. దొడ్డి కుక్కలు మధ్యలోంచి నడిచేవి కావు, గోడవారగా చుట్టుతిరిగి పోయేవి.

కొండపాకలో పుట్టిన మా అత్త పెళ్ళయ్యాక సిద్దిపేట వచ్చి ఆ దొడ్డి ఊడ్చే పనిలో చేరింది. ఆమె మగడు వీరయ్య పాతర దిగి జొన్నలెత్తే ముఠాలో మనిషి. నెమ్మదస్తుడట. ఆమె తిడితే నవ్వేవాడట, నవ్వితే ఆమె ఇంకా తిట్టేదట. పెళ్ళైన కొత్తలో ఒకనాడు ఆమెను పిలిచి బండమీద చెవి ఆనించమన్నాడు. లోపల సన్నటి చప్పుడు, ఎడతెగకుండా, ఎవరో పెదవులు విప్పకుండా పాడుతున్నట్టు. పురుగు అయివుండొచ్చు, గింజ సర్దుకోవడం అయివుండొచ్చు.

"గింజ ఊపిరి తీస్కుంటున్నది పెంటా. మనలెక్కనే గదానికి గుడ పాణమున్నది," అన్నాడు వీరయ్య మామ.

ఆమె నవ్వి చీపురు అందుకుంది. కాని ఆ రోజు నుంచి ఎక్కడ ఊడ్చినా ఆ చప్పుడు వినిపిస్తూనే ఉండేదని, వినకూడదనుకుంటే ఇంకా పెద్దగా వినిపించేదని చెప్పేది.

పాతర తెరవడానికి ముఠాలో ఒక ఆచారం ఉండేది. ప్రతి పాతరలోనూ ఒక తల్లి ఉంటుందని, పాతర పోశవ్వ అని వాళ్ళ నమ్మకం. బండ తీయగానే ముఠాలో ఒకరి ఇంటి ఆడమనిషి దీపం వెలిగించి, గురిగిలో, అంటే చిన్న మట్టిముంతలో పెట్టి, తాడుతో లోపలికి దించాలి. దీపం ఆరిపోతే తల్లి దాన్ని తీసుకున్నట్టు, దిగడానికి సెలవిచ్చినట్టు. ఆరకుండా వెలుగుతూనే ఉంటే తల్లి అలిగినట్టు. ఆ రోజు ఎవరూ దిగరు, బండ మళ్ళీ కప్పేస్తారు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. దిగేవాడి ఒంటికి తాడు కట్టకూడదు. తాడు కట్టేది బలి మేకకు. కట్టి పంపినదాన్ని తల్లి తనదే అనుకుంటుంది. అందుకని దిగేవాడు ఖాళీ ఒంటితో నిచ్చెన దిగాలి, నింపిన గంపలు మాత్రం తాడుమీద పైకి రావాలి.

ఇప్పుడు వింటే మతిలేని పని అనిపిస్తుంది. తొందరపడకండి. ఆ ఆచారానికి ఇంకో భాగం ఉండేది. తల్లి దీపం తీసుకున్నాక అక్కడే కోడిని కోసి, కల్లు నేలమీద సాకగా ధారపోసి, దొడ్లోనే పొయ్యి వెలిగించి వండుకుని, కూర్చుని తిని, చుట్ట కాల్చి, ఆ తర్వాతే దిగేవారు. పొద్దున బండ తీస్తే మనిషి దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. అంతసేపూ పాతర నోరు తెరుచుకుని గాలి తాగుతూ ఉండేది. ఆ విందువల్లనే తాము బతుకుతున్నామని వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. తెలిసివుంటే దాన్ని వదులుకునేవారు కారు.

యుద్ధం వచ్చింది. జొన్నలు బంగారమయ్యాయి. సికింద్రాబాదు నుంచి బండ్లు వచ్చి పటేలు వాకిట్లో నిలబడేవి. ముఠావాళ్ళు పొయ్యి ముందు కూర్చుని కోడికూర తింటుంటే పటేలుకు ఒళ్ళు మండేది. చివరికి ఉపాయం చెప్పాడు. కోడి మీదే, సాయంత్రం ఇంటికి పట్టుకుపోయి పెళ్ళాం పిల్లలతో తినండి, పని మాత్రం దీపం ఆరగానే మొదలుపెట్టండి అన్నాడు. ముఠా మేస్త్రి దుబ్బయ్య ఆలోచించాడు. తల్లికి కావలసింది దీపం, అది అందుతోంది. కోడి ఎక్కడ తింటే ఏముంది? అందరూ సంతోషించారు. ఇంట్లో పిల్లలు కూడా తింటారని మా అత్తే ముందు సంతోషించింది. అలా దీపం మిగిలింది, విందు పోయింది.

ఆ ఏడు వానలు తెరిపిచ్చాక తూర్పుమూల పాతర తెరిచారు. అంతకుముందే సగం తీసి కప్పిన పాతర అది. బండ వారనుంచి నీళ్ళు దిగి గింజ తడిసింది. బండ జరపగానే పులిసిన వాసనతో వెచ్చటి ఊపిరి ఒకటి పైకి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయినట్టయింది. మా అత్తే దీపం దించింది. గాలి లేదు. ఒత్తి రెపరెపలాడలేదు. ఎవరో వేళ్ళతో నలిపినట్టు దీపం ఉన్నపాటున పోయింది. పొగ పైకి రాలేదు. ఆరినచోటనే పలచగా, చాప పరిచినట్టు పరుచుకుని కదలకుండా నిలిచింది.

ఆమెకు అది నచ్చలేదు. పొగ ఎందుకు పైకి రావడంలేదని దుబ్బయ్యను అడిగింది. తల్లి తొందరగా తీసుకుంది, మంచిదే కదా అన్నాడాయన. వీరయ్య మామ నిచ్చెన దిగాడు. పొగచాప దాటి తల కిందికి పోయాక ఒకసారి మొహమెత్తి ఆమెవంక చూశాడు. ఏదో అనబోయాడు. మోకాళ్ళు వంగాయి. తొందరేమీ లేనట్టు జొన్నలమీద కూర్చుని, పగలంతా పనిచేసి అలిసిపోయినవాడిలా పక్కకు ఒరిగాడు.

ఆమె పేరుపెట్టి పిలిచింది. పలకలేదు. ఆయన జతగాడు ఇస్తారి ఎవరూ చెప్పకముందే నిచ్చెన దిగిపోయాడు. మామ చెయ్యి పట్టుకుని లేపబోయాడు. పట్టిన చెయ్యి విడవకుండానే అతనూ కూర్చుండిపోయాడు. పైనుంచి చూస్తే ఇద్దరు స్నేహితులు చెయ్యి చెయ్యి పట్టుకుని కబుర్లాడుకుంటున్నట్టుందట. ఇద్దరి కళ్ళూ తెరిచే ఉన్నాయి.

ఇంకెవరూ దిగలేదు. ఒంటికి తాడు ఉంటే లాగేవారు, తాడు లేదు. తల్లి మనుషులను కోరుకుందని దుబ్బయ్య వెనక్కి వెనక్కి నడిచాడు. మా అత్త దిగబోతే ఆడవాళ్ళు పట్టుకుని కూర్చోబెట్టారు. పొద్దు వాలేదాకా ఆ నోరు అలా తెరుచుకునే ఉంది, వాళ్ళు అలా చుట్టూ నిలబడే ఉన్నారు. అప్పుడు దుబ్బయ్యకు సిగ్గేసిందో ఏమో, తానే దిగి ఇద్దరినీ తాళ్ళకు కట్టి పైకి పంపాడు. ఆయనకేమీ కాలేదు. తల్లి ఆకలి తీరింది కనుక వదిలేసిందన్నారు. చనిపోయినవాళ్ళ ఒంటిమీద చిన్న గీత కూడా లేదు.

మా అత్త దినాలు కాగానే చీపురు పట్టుకుని మళ్ళీ ఆ దొడ్డికే వచ్చింది. ఇంకెక్కడికి పోతుంది? తూర్పుమూల పాతర మూయడానికి ఎవరూ ముందుకు రాలేదు. బండ పక్కకు జరిపి ఉన్నది ఉన్నట్టే ఉంది. అడుగున తడి జొన్నలు మిగిలే ఉన్నాయి. ఆమె దగ్గరికి పోయినప్పుడల్లా ఆ చప్పుడు వినిపించేది. పెదవులు విప్పకుండా పాడుతున్న చప్పుడు. భయపడి పారిపోవలసింది. కాని ఆమెకు భయంకన్న కోపం పెద్దది.

ఆ కోపంతోనే పొద్దున్నే దీపం వెలిగించి ఆ పాతరలోకి దించింది. "నా మొగన్ని తిన్నవు. తిను, ఇది గుడ తిను," అన్నదట. తినేసింది. ఆమె తాడు లాక్కుని వెళ్ళి దొడ్డి ఊడ్చి, ఎండ తిరిగాక, గాలి కాస్త వీస్తుండగా, తిట్టింది చాలక మళ్ళీ వచ్చి దించింది. ఈసారి దీపం ఆరలేదు. జొన్నలమీద నిలబడి నిశ్చింతగా వెలిగింది. మర్నాడు పొద్దున మళ్ళీ ఆరింది, పొద్దు వాలాక మళ్ళీ వెలిగింది. ఆమెకు దుబ్బయ్య గుర్తొచ్చాడు. ఆయన దిగింది పొద్దు వాలాకనే. తన మగడు దిగింది పొద్దునే.

అక్కడే ఆమెకు అసలు లెక్క తెలిసిందట. దీపం చచ్చినచోట మనిషి చచ్చాడు, దీపం బతికినచోట మనిషి బతికాడు. ఇన్నాళ్ళూ అందరూ తల్లి మాటను తలకిందులుగా విన్నారు. ఇంతకాలం తాను గురిగి పైకి లాగి, సెలవైందని చెప్పి ఒక్కొక్కరిని పంపింది చావు నోట్లోకే.

ఈ సంగతి దుబ్బయ్యతో చెబితే చెవులు మూసుకున్నాడు. తల్లి సెలవును తప్పుపట్టే మాట తన ముందు అనొద్దన్నాడు. ఆడవాళ్ళు ఇంకోరకంగా జాలిపడ్డారు. చచ్చిన మగడు పాతరలోంచి పిలుస్తున్నాడు, పాపం దానికి మతి చెడింది అనుకున్నారు. ఎవరూ దిగని పాతరలో దీపాలు దించి తిట్టే ఆడదాన్ని చూస్తే ఎవరైనా అట్లే అనుకుంటారు.

ముఠాలో ఇద్దరు తగ్గారు. ఆ ఎండాకాలం కొండపాకలో పని లేదు, గింజ లేదు. మా బాపు నాగయ్య, మా అత్తకు ఒక్కడే తమ్ముడు, మా అమ్మ కొండవ్వను వెంటబెట్టుకుని సిద్దిపేట వచ్చాడు. అమ్మ కడుపులో నేనున్నాను. బావ చేసిన పనిలోనే చేరతానని బాపు అంటే మా అత్త అన్నం కుండ ఎత్తి వాకిట్లో బద్దలు కొట్టింది. ఊళ్ళో తిండి ఉంటే ఎందుకొస్తానని బాపు నెమ్మదిగా అడిగాడు. ఆ రాత్రి ముగ్గురూ పస్తే పడుకున్నారు.

నడుమ పాతర తెరిచే రోజు వచ్చింది. దొడ్డిలో అన్నిటికంటే పెద్దది, సగం తీసి కప్పి చాలా కాలమైంది. కొత్తగా ముఠాలో చేరినవాడు మొదట దిగి తల్లికి కనబడాలన్నది ఆచారం. అంటే మా బాపు. దీపం దించవలసింది ఆ ఇంటి ఆడమనిషి. మా అమ్మ కడుపుతో ఉంది కనుక, మా అత్త. వాకిట్లో బండ్లు నిలబడి ఉన్నాయి. పటేలు అరుగుమీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. సాయంత్రం ఇంటికి పోవలసిన కోడి కాళ్ళు కట్టేసి గోడపక్కన పడి ఉంది.

బండ జరిగింది. అదే వెచ్చటి ఊపిరి, అదే పులిసిన వాసన. ఆమె దీపం దించింది. గురిగి మూతి దాటిందో లేదో, దీపం నలిపేసినట్టు పోయింది. పొగ చాపలా పరుచుకుంది. అంతా చూస్తుండగా ఆ పొగచాప మెల్లగా ఒక అంచు ఎత్తి మళ్ళీ దించిందని, లోపల పడుకున్నదేదో పక్కకు తిరిగినట్టుందని బాపు చెప్పేవాడు.

"సెలవైంది. దిగు నాగయ్యా," అన్నాడు దుబ్బయ్య.

మా అత్త గురిగి పక్కన పెట్టి, పాతర మూతిమీద కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చుంది. మూతి ఒక్క మనిషి పట్టేంతే కదా. ఆమె కూర్చున్నాక ఇంకొకరు దిగడానికి జాగా లేదు. దుబ్బయ్య బతిమాలాడు, తర్వాత కసిరాడు. పటేలు అరుగు దిగి వచ్చాడు. తల్లి సెలవిచ్చాక అడ్డం కూర్చోవడానికి నువ్వెవరని అడిగాడు.

"దీపం తిన్న నోరు మనిషిని తినదా పటేలా?" అన్నది మా అత్త. "సెలవు గాదది. ఆకలి."

ఆమె గొంతు పెద్దది కాలేదట. అందుకే అందరికీ వినిపించింది. బండివాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు. పటేలు ఆమెను లేపమన్నాడు. లేపడానికి ఎవరూ చెయ్యి వేయలేదు. పాతరలో కాళ్ళు పెట్టిన ఆడదాన్ని తాకితే ఏమవుతుందోనని భయం. అప్పుడామె దుబ్బయ్యవంక తిరిగి కోడిని చూపించింది.

"గా కోడి తల్లిది. ఇన్నొద్దులు మనం ఇంటికి తోల్కపోయి తిన్నం. ఇయ్యాల దానిది దానికి ఇద్దాం. కొయ్యకుంట, పాణంతోని."

తల్లికి ఇచ్చేదాన్ని వద్దనడానికి మేస్త్రికి నోరు రాలేదు. పటేలుకూ రాలేదు. ఆమె కోడి కాళ్ళు విప్పి, గంపలో పెట్టి, పైన ఇంకో గంప బోర్లించి కట్టి, తాడుతో దించింది. కోడి కొంచెంసేపు గోల చేసింది, రెక్కలు గంపకేసి కొట్టుకుంది. తర్వాత గోల ఆగింది. రెక్కలూ ఆగాయి. దొడ్డిలో గాలి కూడా లేదు. కింద ఆ సన్నటి చప్పుడు మాత్రం అక్కడున్న ప్రతి ఒక్కరికీ, జీవితంలో మొదటిసారి, వినిపించింది.

ఆమె తాడు లాగి గంప విప్పింది. కోడి మెడ వాలేసి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. కత్తి గాటు లేదు, నెత్తురు లేదు, ఒక్క ఈక కూడా ఊడలేదు. ఇస్తారినీ వీరయ్యనూ చూసినవాళ్ళకు వేరే చెప్పనవసరం లేకపోయింది. బండివాళ్ళు వెనక్కి నడిచి వాకిట్లోకి వెళ్ళిపోయారు. మా బాపు అప్పటిదాకా నిచ్చెన కొస పట్టుకుని ఉన్నాడు, దాన్ని వదిలేశాడు.

మా అత్త కోడిని నేలమీద పడుకోబెట్టి, ఇంక ఏంచేయాలో చెప్పబోతోంది. అప్పుడు కోడి ముక్కు తెరిచింది. ఒక కాలు కదిలింది. ఒళ్ళు విదిలించి లేచి, తాగినవాడిలా తూలుకుంటూ దొడ్డి మధ్యలోంచి నడిచి గోడపక్కకు పోయి నిలబడింది. చచ్చిన కోడిని చూసి భయపడినవాళ్ళు లేచిన కోడిని చూసి ఇంకా భయపడ్డారు. దుబ్బయ్య రెండు చేతులూ జోడించాడు. పటేలు తెలియకుండానే చెప్పులు విప్పేశాడు.

అందరూ మా అత్త గెలిచిందనుకున్నారు. ఆమె ముఖం చూసింది ఒక్క మా బాపే. అందులో సంతోషం లేదు. కోడివంక చూసి, తూర్పుమూల పాతరవంక చూసి, మళ్ళీ కోడివంక చూసింది.

"కోడి లేచింది తమ్మీ," అన్నది. "పైకి గుంజితె లేచింది."

బాపుకు అప్పుడు అర్థమైంది. వెంటనే పైకి లాగివుంటే వీరయ్య కూడా లేచేవాడేమో. పొద్దు వాలేదాకా చుట్టూ నిలబడి చూశారు. చచ్చాడనుకుని చూశారు. నేను ఆ రోజు తలుచుకున్నప్పుడల్లా కోడి దగ్గరే ఆగిపోతాను. అంత దుఃఖాన్ని అంతమంది మధ్య నిలబడి మింగిన మనిషిని, కూరలో ఉప్పు గురించి కసిరితే మేము విసుక్కునేవాళ్ళం.

తర్వాత ఆమె లేచి కొంగు బిగించింది. పాత పద్ధతి ప్రకారం అక్కడే పొయ్యి పెట్టమన్నది. బండ తీసి ఉంచాలి, వండుకుని తినాలి, అప్పుడు మళ్ళీ దీపం దించాలి. దీపం జొన్నలమీద నిలబడి వెలిగితేనే తల్లి సెలవు. ఆరితే తల్లి ఇంకా బిగబట్టిన ఊపిరి విడుస్తోందని, మనిషి ఓపిక పట్టాలని చెప్పింది. ఇక మనిషి ఒంటికి తాడు కట్టాలన్నది. అక్కడ దుబ్బయ్య మళ్ళీ మొరాయించాడు. తాడు కట్టి పంపితే బలి అవుతుందన్నాడు.

"మేకను కట్టేస్తె తాడు ఇంకో కొస కట్టుగుంజకు ఉంటది మామా. గందుకే అది బలి," అన్నది మా అత్త. "మనిషిని కడితె ఇంకో కొస మనిషికే కట్టాలె. గప్పుడు తల్లికి తెలుస్తది, వీనికి అడిగేటోళ్ళున్నరని."

అని తాడు ఒక కొస బాపు చంకలకింద కట్టి, ఇంకో కొస తన నడుముకు చుట్టుకుని ముడివేసింది. దుబ్బయ్య చాలాసేపు ఆ ముడివంక చూశాడు. తర్వాత ముందుకు వచ్చి, అది గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు.

కోడిని కోయడానికి ఎవరూ ఒప్పుకోలేదు కనుక ఆ పూట జొన్నరవ్వతో వండిన గట్కా, పచ్చిపులుసుతో విందు అయింది. పటేలు లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఎండ నడినెత్తి దాటాక దీపం దించితే మధ్యలో ఒకసారి కొడిగట్టి, మళ్ళీ నిలదొక్కుకుని, జొన్నలమీద కూర్చుని వెలిగింది. బాపు దిగాడు. కింద ఉన్నంతసేపూ గొంతు వినిపిస్తూ ఉండాలని, ఆగితే లాగేస్తానని మా అత్త హుకుం. మా బాపు గొంతు ఎట్లాంటిదంటే, మమ్మల్ని జోకొట్టబోతే మేమే ఏడ్చి ఆపించేవాళ్ళం. ఆ గొంతుతోనే ఆయన పాతరలో కూర్చుని గంపలు నింపుతూ కూనిరాగం తీశాడు.

పైకి వచ్చాక ఆయన ముఖం తెల్లబోయి ఉంది. కింద తనతో ఇంకెవరో గొంతు కలిపారని చెప్పాడు. తూర్పువైపు గోడలోంచి వచ్చిందట. పాతర గోడలు అంతే, మోతను అటూ ఇటూ తిప్పుతాయని దుబ్బయ్య సర్దిచెప్పాడు. మా అత్త నడుముకున్న ముడి విప్పుకుంటూ ఒక్కమాటే అడిగింది, రాగం ఎట్లున్నదని. నెమ్మదిగున్నదని బాపు చెప్పాడు. ఆమె తల ఊపింది.

ఆ పద్ధతి ఒక దొడ్డినుంచి ఇంకో దొడ్డికి పాకింది. ఎవరు మొదలుపెట్టారని ఎవరూ అడగలేదు. తల్లే మాట మార్చిందనుకున్నారు, మా అత్త కూడా కాదనలేదు. పాతర తెరిచినచోటల్లా దీపం నిలబడేదాకా కూర్చున్నారు. దిగేవాడి తాడుకు రెండో కొసన పెళ్ళామో అక్కో తల్లో ఉండేది. ఆ కోడిని మా అత్తే పెంచింది. కనబడితే తరిమేది, కనబడకపోతే వీధంతా వెతికేది. పిడికెడు నూకలు వేసి, లేచినవు గద, తిను అని తిట్టేది.

పోలీసు యాక్షను అయిన మరుసటి ఏడు పటేలు వారసులు దొడ్డి అమ్మేశారు. కొన్నవాళ్ళు పాతరలన్నీ మట్టితో పూడ్పించారు. చివరికి తూర్పుమూలది మిగిలింది. మా అత్త అంతటా తానే ముందుండి మట్టి పోయించింది కాని, అక్కడికి వచ్చేసరికి పారలు ఆపమన్నది. గురిగిలో దీపం పెట్టి దించింది. పొద్దున పూట. తడి జొన్నలు ఎప్పుడో మట్టయిపోయాయి. అప్పుడు నేను బాపు భుజంమీద ఉన్నానట, నాకు గుర్తులేదు.

దీపం అడుగుదాకా పోయి నిలబడింది. అటూ ఇటూ ఊగలేదు. కింద ఏ చప్పుడూ లేదు. ఆమె మూతి పక్కన కూర్చుని, చమురు అయిపోయి ఒత్తి మాడేదాకా లోపలికి చూస్తూనే ఉంది. పనివాళ్ళు పారలమీద ఆనుకుని ఎదురుచూశారు. అప్పుడు మొదటిసారి ఆమె కంట నీళ్ళు వచ్చాయని బాపు చెప్పాడు.

"గాలి మంచిగున్నది తమ్మీ. ఇప్పుడు దిగితె బతుకుతుండె," అన్నది.

అని గురిగి పైకి లాగి, తాడు చుట్టి చంకన పెట్టుకుని, ఇక పూడ్చమని చెప్పి ఇంటికి నడిచింది.